నంబరు బతికుండటం వేరు, మోగడం వేరు

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆమెకు 38 ఏళ్లు. ఇంట్లోనే బ్లౌజులు కుడతారు. భర్త మూడేళ్లుగా కువైట్‌లో డ్రైవరు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. అత్తమ్మ పాకాల దగ్గర పల్లెలో రెండెకరాల మామిడి తోట చూసుకుంటూ ఒక్కతే ఉంటుంది. మామగారు పోయి ఏడాదిన్నర. ఆ కుటుంబంలో నాలుగు ప్రీపెయిడ్ నంబర్లు ఉన్నాయి. నాలుగింటికీ డబ్బులు కట్టేది ఈమే. ఒకటి తనది. రెండోది లాక్‌డౌన్‌లో అమ్మాయి ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నది, ఇప్పుడు ఈ పాఠకురాలి ఫోన్లోనే రెండో సిమ్‌గా ఉంది. అమ్మాయి ఆధార్ దానికే లింకై ఉంది. మూడోది భర్త ఇండియా నంబరు. ఆయన బ్యాంకు ఖాతా, యూపీఐ దానిమీదే. ఆ సిమ్‌ను పాత కీప్యాడ్ ఫోన్లో వేసి బీరువాలో పెట్టారు, ఆదివారం ఆదివారం ఆన్ చేసి చూస్తారు. దాని వ్యాలిడిటీ అయిపోయి 70 రోజులైంది. నాలుగోది మామగారి నంబరు. ఫోన్‌తో సహా అత్తమ్మ దగ్గరే ఉంది.

వీధి చివర రీచార్జ్ షాపతను ‘199 వెయ్యకపోతే నంబరు చచ్చిపోతుందక్కా’ అన్నాడట. మరిదేమో ‘ఇరవై రూపాయలేస్తే నాలుగు నెల్లు యాడికీ పోదు వదినా, ట్రాయ్ రూలే ఉంది’ అన్నాడట. ట్రాయ్ అంటే ఫోన్ కంపెనీలకు నియమాలు పెట్టే కేంద్ర ప్రభుత్వ సంస్థ. మరిది మాట నమ్మి పోయిన నెల భర్త నంబరుకు ఇరవై వేశారు. తర్వాత ఆయన కువైట్ నుంచి బ్యాంకు ఓటీపీ అడిగితే అది రాలేదు. ఫోన్లో పెద్ద గొడవైంది. ఖర్చు తగ్గించుకుందామని మామగారి నంబరు తీసేద్దామంటే అత్తమ్మ ‘ఆయన్ని తీసేసినట్టే గదా’ అని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. నాన్న ఖాతాలో మామిడి డబ్బులు పడతాయి, ఓటీపీకి ఆ నంబరు ఉండాల్సిందే అని మరిది పట్టు. ఎవరి మాట నిజం, ఏది ఉంచాలి, ఏది వదలాలి, అత్తమ్మకు ఎట్లా చెప్పాలి. ఇవీ ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే తొందరపెట్టింది ‘70 రోజులు’ అన్న మాట. కాబట్టి మొదట ఈ ఒక్క పని చేయండి, మిగతాది నిదానంగా చదువుకోవచ్చు. మీ ఆయన నంబరుకు ఈరోజో రేపో, వ్యాలిడిటీ ఇచ్చే ప్లాన్ ఏదో ఒకటి వేయండి. ఊరికే బ్యాలెన్సు వేసే టాప్‌అప్ కాదు, ప్లాన్. వేశాక ఆ కీప్యాడ్ ఫోన్ నుంచి మీ నంబరుకు ఒక కాల్ చేసి, ఎత్తి, అర నిమిషం మాట్లాడండి. ఒక ఎస్సెమ్మెస్ కూడా పంపండి. ఎందుకో చెబుతాను.

మీ షాపతను, మీ మరిది ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ వేర్వేరు గడువుల గురించి మాట్లాడారు. ప్రీపెయిడ్ నంబరు మీద రెండు గడువులు నడుస్తుంటాయి. మొదటిది మీరు కొన్న ప్లాన్ గడువు. ఇది కంపెనీది. అది ముగిసిన రోజే మన నుంచి కాల్స్ వెళ్లడం ఆగిపోతుంది. ఆ తర్వాత కొద్ది రోజులకు మనకు వచ్చే కాల్స్, ఎస్సెమ్మెస్‌లు కూడా ఆగిపోతాయి. ఎన్ని రోజులకు అన్నది కంపెనీని బట్టి, ప్లాన్‌ను బట్టి మారుతుంది. గడువు దగ్గరపడ్డప్పుడు కంపెనీ పంపే మెసేజ్‌లో ఉంటుంది చూడండి. ఇన్‌కమింగ్ ఆగినంత మాత్రాన నంబరు పోయినట్టు కాదు. అది ఇంకా మీ ఆయన పేరు మీదే ఉంటుంది, మోగదంతే.

రెండోది నంబరును పూర్తిగా రద్దు చేసే గడువు. దీని మీద ట్రాయ్ నిబంధన ఉంది. 2012 నాటి టెలికాం వినియోగదారుల రక్షణ నిబంధనలకు 2013లో చేసిన సవరణ అది. 90 రోజులు వాడకం లేకుండా ఉంటే తప్ప, వాడటం లేదన్న కారణంతో ప్రీపెయిడ్ నంబరును రద్దు చేయకూడదు. వాడకం అంటే వచ్చిన కాల్, చేసిన కాల్, పంపిన ఎస్సెమ్మెస్, డేటా, కాలర్ ట్యూన్ లాంటి అదనపు సేవలు. వీటిలో ఏ ఒక్కటి జరిగినా 90 రోజుల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మనకు వచ్చిన ఎస్సెమ్మెస్ ఈ జాబితాలో లేదు. టాప్‌అప్ వేయడమూ లేదు. ఆదివారం ఆదివారం ఫోన్ ఆన్ చేసి చూడటమూ వాడకం కిందికి రాదు. మీరు శ్రద్ధగా చార్జింగ్ పెట్టారు, బాధేమిటంటే దానివల్ల నంబరుకు ఒరిగిందేమీ లేదు. వ్యాలిడిటీ అయిపోయిన రోజు నుంచే లెక్కేసుకుంటే మీ చేతిలో మిగిలింది 20 రోజులు. అంతకు ముందే చివరి కాల్ జరిగి ఉంటే ఇంకా తక్కువ. మొదట కాల్ చేయమన్నది ఇందుకే.

ఇక మీ మరిది చెప్పిన ఇరవై రూపాయల సంగతి. ఆ నియమం నిజమే. 90 రోజులు వాడకం లేకపోయినా, ఆ నాటికి మెయిన్ బ్యాలెన్సులో 20 రూపాయలు, అంతకుపైన ఉంటే కంపెనీ నంబరును రద్దు చేయకూడదు. 20కి మించకుండా కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. మళ్లీ 20 ఉంటే మళ్లీ 30 రోజులు. వాట్సాప్‌లో తిరిగే ‘ఇరవైతో నాలుగు నెలలు’ అన్న మాట 90కి 30 కలిపితే వచ్చిందే. కానీ ఇందులో రెండు మెలికలున్నాయి. మీకు రెండూ తగిలాయి.

మొదటిది, ఇరవై రూపాయల టాప్‌అప్ వేస్తే బ్యాలెన్సులోకి ఇరవై రాదు. 18 శాతం జీఎస్టీ, ఆపైన ప్రాసెసింగ్ ఫీజు పోగా 14 రూపాయల 95 పైసలు వస్తుంది. పది వేస్తే 7.47. అంతకుముందు బ్యాలెన్సు సున్నా అయితే, మీరు వేసిన ఇరవై ఆ నియమానికి చాలనే చాలదు. నంబరుకు ఏ రక్షణా రాలేదన్నమాట. పది, ఇరవై రెండూ వేసుంటే 22.42 అయ్యేది, ఒక 30 రోజులకు సరిపోయేది. వంద వేస్తే 81.75 వస్తుంది, అది నాలుగు ముప్పైలకు. యాభై వేస్తే 39.37. ఇరవై కోస్తే 19.37 మిగులుతుంది, అంటే యాభైకి కూడా ఒక్క నెలే. ఈ లెక్క తెలియక యాభై వేసి రెండు నెలలు నిశ్చింతగా ఉంటే నంబరు పోవచ్చు.

రెండోది ఇంకా ముఖ్యం. ఈ ఇరవై నంబరును మీ పేరు మీద ఉంచుతుంది, అంతే. ప్లాన్ గడువును పెంచదు. ఆగిపోయిన ఇన్‌కమింగ్‌ను తిరిగి ఇవ్వదు. బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకు రాదు. మీ ఆయన కోప్పడింది ఆ ఓటీపీ కోసమే. ఆయన నంబరు ఊరికే బతికుంటే చాలదు, మోగాలి. షాపతను చెప్పింది ఈ మోగడం గురించి. కాకపోతే అతను 199 ఒక్కటే దారి అన్నట్టు చెప్పాడు. అది నిజం కాదు.

2024 డిసెంబరులో ట్రాయ్ ఇంకో సవరణ చేసింది. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే ఉండే ప్రత్యేక వోచరు, అంటే ప్లాన్, ప్రతి కంపెనీ కనీసం ఒకటైనా అమ్మాలని, ప్రత్యేక వోచర్ల గడువు 90 రోజుల దాకానే అన్న పరిమితిని 365 రోజులకు పెంచుతున్నామని చెప్పింది. దాంతో 2025 జనవరిలో కొత్త ప్లాన్లు వచ్చాయి. ఎయిర్‌టెల్ 84 రోజులకు 469, 365 రోజులకు 1849 పెట్టింది. జియో 84 రోజులకు 448, 336 రోజులకు 1748 పెట్టింది. ధరలు మారుతుంటాయి కాబట్టి వేసే రోజు కంపెనీ యాప్‌లోనే చూసుకోండి. యాప్‌లో ఇవి ముందు వరుసలో కనపడవు, కిందికి జరిపి డేటా లేని ప్లాన్ల విభాగం వెతకాలి. షాపులో అయితే ‘వాయిస్ ఓన్లీ, 84 రోజులది’ అని నోటితో అడగండి. అడగనిదే చెప్పరు.

ఆ ధరల్లో తేడా ఎంతో చూడండి. 28 రోజుల 199 ప్లాన్ ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయాలి. అంటే 2587 రూపాయలు. అదే నంబరుకు ఆ ఎయిర్‌టెల్ ఏడాది వాయిస్ ప్లాన్ 1849. 738 రూపాయలు మిగులు. డేటా వాడని కీప్యాడ్ ఫోన్‌కు డేటా కొనడం దండగ. ఒకేసారి 1849 చేతిలో లేకపోతే 84 రోజులది వేసినా 28 రోజులకు 156 చొప్పున పడుతుంది.

ఇప్పుడు ఒక్కో నంబరూ చూద్దాం. మీ సొంత నంబరు గురించి చెప్పేదేమీ లేదు. దానికి డేటా కావాలి, మీ గిరాకీలు డిజైన్లు పంపేది దానికే. అట్లాగే ఉంచండి.

మీ ఆయన నంబరుకు మూడు దారులున్నాయి. మొదటిది, ఏడాది వాయిస్ ప్లాన్ వేసి సిమ్ మీ దగ్గరే ఉంచుకోవడం. అప్పుడు బీరువాలో పెట్టకండి. ఓటీపీ నిమిషాల్లో చెల్లిపోతుంది, ఆదివారం దాకా ఆగదు. ఆ ఫోన్ రోజంతా ఆన్‌లోనే మిషన్ పక్కన ఉండాలి. అమ్మాయి క్లాసుల సిమ్ తీసేశాక ఈ సిమ్‌ను మీ ఫోన్ రెండో స్లాటులోకి మార్చుకోవచ్చు. ప్లాన్ ఉంది కదా అని వదిలేయకుండా నెలకోసారి ఆ నంబరు నుంచి ఒక కాల్ చేయండి. ఓటీపీ అడిగే కాల్ ఆయన గొంతుతో, ఆయన కువైట్ నంబరు నుంచి వస్తేనే చెప్పండి. ఆయన స్నేహితుడినని, బ్యాంకు నుంచని చెప్పేవాళ్లు ఎంత తొందరపెట్టినా వద్దు.

రెండో దారి, ఎవరైనా కువైట్ వెళ్తుంటే సిమ్ ఆయనకే పంపడం. ప్లాన్ గడువులో ఉండి, అంతర్జాతీయ రోమింగ్ ఆన్ అయి ఉంటే అక్కడ ఓటీపీ ఎస్సెమ్మెస్ అందుతుంది. వచ్చే కాల్ ఎత్తితే మాత్రం బాగా డబ్బు కోస్తుంది. రోమింగ్ ఆన్ చేయడానికి ఏం చేయాలో పంపేముందే కంపెనీని అడిగి, ఇక్కడుండగానే చేయించండి. దారిలో సిమ్ పోతే కొత్త సిమ్‌కు ఆయనే స్వయంగా రావాలి. సెలవు మీద వచ్చేదాకా అన్నీ ఆగిపోతాయి. అందుకని ఈ దారి ఆయన వచ్చి తనతో తీసుకెళ్లేటప్పటికి మంచిది, ఎవరిచేతో పంపడానికి కాదు.

మూడోది, ఈ నంబరు అవసరమే లేకుండా చేసుకోవడం. విదేశంలో ఉద్యోగం చేసేవారి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడ ఇచ్చే రూపాయల ఖాతా) మార్చాలన్న నియమం ఎటూ ఉంది. అది మార్చేటప్పుడు చాలా బ్యాంకులు విదేశీ నంబరును నమోదు చేసుకుంటాయి. ఓటీపీ ఈమెయిల్‌కు పంపే ఏర్పాటు ఉందేమో కూడా అడగమనండి. ఇందులో ఒక చిక్కుంది. విదేశీ నంబరుతో యూపీఐ వాడుకునేందుకు 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఇచ్చిన పది దేశాల జాబితాలో సౌదీ, ఒమన్, ఖతార్, యూఏఈ ఉన్నాయి గానీ కువైట్ లేదు. ఆయనకు యూపీఐ కావాలంటే ఇండియా నంబరు ఉండాల్సిందే. ఆధార్ ఓటీపీకీ ఇండియా నంబరే కావాలి. అందుకని ఇప్పటికి మొదటి దారే మీకు నప్పుతుందని నాకనిపిస్తోంది. సెలవుకు వచ్చినప్పుడు మూడోదాని గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఈ నంబరును చేజారనిస్తే ఏమవుతుందో కూడా తెలియాలి. రద్దయ్యాక 15 రోజుల్లోపు తిరిగి తెచ్చుకునే వెసులుబాటు ఆ నిబంధనల్లోనే ఉంది. అప్పుడు వెంటనే కంపెనీ స్టోరుకు వెళ్లాలి, కంపెనీ ఇరవై రూపాయలకు మించి అడగకూడదు. అది దాటితే కష్టం. రద్దయిన నంబరును 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరని ట్రాయ్ చెప్పిన సంగతిని 2023 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ప్రస్తావించింది. ఆ 90 అయ్యాక అది ముక్కూమొహం తెలియని మనిషి చేతికి పోవచ్చు. మీ ఆయన ఖాతా ఓటీపీలు ఆ మనిషికి వెళ్తాయి. దీన్ని ఆపడానికే రద్దయిన నంబర్ల జాబితా ఒకటి నడుపుతున్నారు. బ్యాంకులు దాన్ని చూసి తమ రికార్డులు సరిచేసుకోవాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది. వారం వారం చేయాలని ఆ మార్చిలో ఎన్‌పీసీఐ చెప్పింది. జాబితాకెక్కిన నంబరు మీదున్న యూపీఐ పనిచేయకుండా పోతుంది. మనకు రక్షణే, కానీ హఠాత్తుగా డబ్బు కదలని రోజు మాత్రం మీకే వస్తుంది.

ఇప్పుడు మామగారి నంబరు. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఒక సంగతి తోచింది. అత్తమ్మకు వేరే ఫోన్ నంబరు ఉందని మీరు ఎక్కడా రాయలేదు. ఒంటరిగా పల్లెలో ఉండే 65 ఏళ్ల మనిషికి ఎటూ ఒక నంబరు కావాలి. చుట్టాలందరి దగ్గరా, తోటకు వచ్చే మామిడి వ్యాపారి దగ్గరా, పక్కింటి వాళ్ల దగ్గరా ఉన్నది ఆ నంబరే. మీరు దాన్ని ‘పోయిన మనిషి నంబరు’ అని లెక్కేశారు. నిజానికి అది అత్తమ్మ నంబరు. అది తీసేసి ఆమెకు కొత్త సిమ్ కొన్నా ఖర్చు అంతే. ఈ నంబరు ఉంచడం ఆమె మనసు కోసం చేసే ఖర్చు కాదు. ఆ మాట మీరే ఆమెతో అనండి. ‘తీసేయంలే అత్తమ్మా, నీ పేరు మీదికి మార్పిస్తాం’ అంటే చాలు. ఆ రెండు రోజుల మౌనం అక్కడే తీరుతుంది.

పేరు మార్చడం మాత్రం తప్పనిసరి, ఆలస్యం చేయకండి. పోయినవారి పేరు మీదున్న సిమ్ పాడైతే కొత్తది ఇవ్వరు, వేరే కంపెనీకి పోర్టూ కాదు. ఆ చిన్న చిప్పు గీతపడిన రోజున అత్తమ్మకు ఆ నంబరు శాశ్వతంగా పోవచ్చు. మామగారి మరణ ధ్రువీకరణ పత్రం, భార్య అని చూపే కాగితం, అత్తమ్మ ఆధార్, వారసుల అభ్యంతరం లేదన్న లేఖ ఇవన్నీ పెట్టుకుని ఆమెను వెంటబెట్టుకుని తిరుపతిలో ఆ కంపెనీ సొంత స్టోరుకు వెళ్లండి. రీచార్జ్ షాపులో ఈ పని జరగదు. ఏయే కాగితాలు కావాలో ముందు ఫోన్ చేసి అడిగితే పాకాల నుంచి రెండుసార్లు తిప్పే పని తప్పుతుంది. అక్కడే ఆమె ఫొటో తీసుకుంటారు. సిమ్ మార్చి ఇస్తే మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, కంగారుపడకండి. వెళ్లేముందు రాత్రి ఇంకో పని చేయండి. కీప్యాడ్ ఫోన్లలో పేర్లు చాలాసార్లు సిమ్‌లోనే దాచి ఉంటాయి. కాంటాక్ట్స్‌లోకి వెళ్లి సిమ్ నుంచి ఫోన్‌కు అన్నీ కాపీ చేయండి. ముఖ్యమైనవి ఒక నోటు పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి అత్తమ్మకు ఇవ్వండి.

మీ మరిది చెప్పిన ఓటీపీ మాట గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. పోయినవారి ఖాతాను ఓటీపీతో నడపకూడదు. మామిడి డబ్బులు పడుతున్నా సరే. ఇవాళ ఇంట్లో అందరూ బాగుండి నడిచిపోవచ్చు, రేపు వాటాల దగ్గర మాట వస్తే ఆ డబ్బు తీసినవాళ్లే జవాబు చెప్పుకోవాలి. బ్యాంకుకు మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చి, నామినీగా అత్తమ్మ పేరుందేమో చూసి క్లెయిమ్ పెట్టండి. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. బెంగళూరా మామిడి కాయలు దించకముందే అత్తమ్మ సొంత ఖాతా పాసుపుస్తకం నకలు తీసి ఫ్యాక్టరీకో, వ్యాపారికో ఇస్తే ఈ ఏడు డబ్బు నేరుగా ఆమెకే పడుతుంది. గ్యాస్ కనెక్షన్ కూడా ఆమె పేరుకు మార్పించండి, బండ తెచ్చినప్పుడు చెప్పే కోడ్ నమోదైన నంబరుకే వస్తుంది. ఇవన్నీ అయ్యేదాకా నంబరు మోగుతూ ఉండాలి, అందుకే ముందు 84 రోజుల వాయిస్ ప్లాన్ వేయండి.

ఇంకా చవకగా కావాలంటే పోర్టింగ్ ఉంది, అంటే నంబరు అదే ఉంచి కంపెనీ మారడం. అదీ పేరు మారాక, కొత్త సిమ్ తీసుకుంటే ఏడు రోజులు గడిచాక. ఆ నంబరు నుంచి ఇంగ్లీషులో PORT అని, ఖాళీ ఇచ్చి పదంకెల నంబరు కొట్టి 1900కు ఎస్సెమ్మెస్ చేయాలి. వచ్చే కోడ్ నాలుగు రోజులే పనిచేస్తుంది. మీ ప్లాన్లో ఎస్సెమ్మెస్ లేకపోయినా ఈ ఒక్క మెసేజ్ వెళ్లనివ్వాలని 2021 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది, కుదరదంటే నమ్మకండి. మిగిలిన గడువు, బ్యాలెన్సు పోతాయి కాబట్టి ప్లాన్ చివరి వారంలో చేయండి. మారేముందు ఆ కొత్త కంపెనీ సిమ్ ఉన్న పక్కింటివాళ్ల ఫోన్ అడిగి, అత్తమ్మ వంటింట్లో, తోటలో మోటారు దగ్గర కాల్ చేసి చూడండి. ఒకసారి మారితే 90 రోజుల దాకా వెనక్కి రావడం కుదరదు. ఆ మూడు నెలలు సిగ్నల్ లేక ఆమె ఫోన్ అందకపోతే, మిగిలిన యాభైకీ అరవైకీ అర్థం లేదు.

మీరు వదలగలిగింది ఒక్కటే, అమ్మాయి క్లాసుల కోసం కొన్న సిమ్. కానీ వెంటనే కాదు. ముందు దానిమీద ఏమేం వేలాడుతున్నాయో చూడాలి. ఇందుకు ఒక సులువు ఉంది. ఆ నంబరుకు ఏడాదిగా వచ్చిన ఎస్సెమ్మెస్‌లన్నీ పైనుంచి కిందికి చూడండి. 2025 మే నుంచి కంపెనీలు, ఆఫీసులు పంపే మెసేజ్‌ల పేరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటోంది. ‘పి’ అంటే ప్రకటన, వదిలేయండి. ‘టి’ అంటే లావాదేవీ, ‘ఎస్’ అంటే సేవ, ‘జి’ అంటే ప్రభుత్వం. ఈ మూడింటినీ ఒక కాగితం మీద రాసుకుంటే, నంబరు ఎక్కడెక్కడ ఇచ్చారో జాబితా తయారవుతుంది. మీరు మరిచిపోయినవి కనీసం రెండైనా బయటపడతాయి. తిరుమల దర్శనం టికెట్ల ఖాతా, రైలు టికెట్ల ఖాతా, గూగుల్ ఖాతా సామాన్యంగా మరిచిపోయేవి.

అమ్మాయి ఆధార్‌ను మీ సొంత నంబరుకు మార్చడం వీటిలో మొదటిది. ఆధార్ కేంద్రానికి అమ్మాయే రావాలి, వేలిముద్ర వేయాలి. కాగితాలు అక్కర్లేదు. 2025 అక్టోబరు నుంచి రుసుము 75 రూపాయలు. రసీదు జాగ్రత్త చేసి, నంబరు మారిందని మెసేజ్ వచ్చాక, ఒకసారి ఆధార్ ఓటీపీ అడిగి మీ ఫోన్‌కు వస్తోందో లేదో చూసుకోండి. అత్తమ్మ ఆధార్‌లో నంబరు సరిగా లేకపోతే ఆమెను ఊరు కదిలించక్కర్లేదు, పోస్టాఫీసులో అడిగితే ఈ పని చేసే పోస్ట్‌మ్యాన్ ఇంటికే వస్తాడు.

ఇంకో జాగ్రత్త. అమ్మాయి పరీక్షల, ఈఏపీసెట్ దరఖాస్తుల్లో ఆ నంబరే ఇచ్చుంటే, కౌన్సెలింగ్ ముగిసి సీటు చేతికి వచ్చేదాకా దాన్ని మోగుతూ ఉంచండి. రెండు నెలల రీచార్జ్ మిగుల్చుకోబోయి వెబ్ ఆప్షన్ల రోజు ఓటీపీ రాక కూర్చోవడం వద్దు. ఆ తర్వాత వాట్సాప్ ఉంటే సెట్టింగుల్లో నంబరు మార్చండి, లేదా ఖాతా తొలగించండి. లేకపోతే ఆ నంబరు ఎవరికైనా పోయాక మీ గ్రూపుల్లో ఆ కొత్త మనిషి ఉండొచ్చు. అన్నీ మారాక రీచార్జ్ ఆపేయండి. బ్యాలెన్సులో ఏమీ ఉంచకండి. ఆ నంబరు దానంతటదే పోతుంది. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూపిస్తుంది. ఒకరి పేరు మీద తొమ్మిదికి మించి ఉండకూడదు. మీకు తెలియనిది ఏదైనా కనపడితే అక్కడే ‘నాది కాదు’ అని పెట్టవచ్చు.

ఇట్లా చేస్తే నాలుగింటికీ 199 చొప్పున 28 రోజులకు 796 అయ్యేది, మీ 199, అత్తమ్మకు 156, మీ ఆయనకు 142 కలిపి 500 లోపు వస్తుంది. మీ ఆయనతో ఈ లెక్క చెప్పండి. ఆ ఓటీపీ రాకపోవడం మీ నిర్లక్ష్యం కాదు. ఇరవై రూపాయలు వేశారు, అది ఎందుకు చాలలేదో ఎవరూ మీకు చెప్పలేదు. ఈ ఉత్తరంలోని ఆ 14.95 లెక్క ఆయనకు ఫొటో తీసి పంపినా సరే.

ప్లాన్ వేశాక కూడా 24 గంటల్లో ఇన్‌కమింగ్ తిరిగి రాకపోతే, సిమ్ తీసి వేసి, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసి చూడండి. అప్పటికీ రాకపోతే అదే కంపెనీ సిమ్ నుంచి 198కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించి డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) తీసుకోండి. షాపతనికి చెప్పడం ఫిర్యాదు కాదు. వాళ్లు తేల్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీ అప్పీలు విభాగానికి ఉచితంగా రాయవచ్చు, డాకెట్ నంబరు లేకుండా అది తీసుకోరు. ట్రాయ్‌కు నేరుగా రాసినా ఒక్కొక్కరి ఫిర్యాదులు వాళ్లు విచారించరు.

మీ ఇంట్లో గోడకు టీటీడీ క్యాలెండరు ఉండే ఉంటుంది. రీచార్జ్ చేసిన వెంటనే వచ్చే మెసేజ్‌లో గడువు తేదీ చూసి, దానికి మూడు రోజుల ముందు తేదీ దగ్గర ‘ఆయన’, ‘అత్తమ్మ’ అని ఎర్ర పెన్నుతో రాసిపెట్టండి. ప్రతి నెల ఒకటో తారీఖున ‘కాల్’ అని రాయండి, మీ ఆయన నంబరు నుంచి అత్తమ్మకు చేయాల్సిన కాల్ అది. ఇవాళ్టి పని మాత్రం ఆ కీప్యాడ్ ఫోన్‌కు ప్లాన్ వేయడం. ఈ ఉత్తరం మడిచి పెట్టేముందే అది చేసేయండి.